పెట్టిన చెయ్యి

బొజ్జన్న సంగటి తింటుంటే పక్కవాళ్లకు ఆకలేసేది. జొన్న సంగటి ముద్దను అరచేతిలో గుండ్రంగా తిప్పి, బొటనవేలితో గుంట చేసి, అందులో ఇంత ఊరుబిండి పచ్చడి పెట్టుకుని నోట్లో వేసుకున్నాడంటే ఇక నమలడమన్నది లేదు. గుటుక్కుమని మింగడమే. నందికొట్కూరు పక్క పల్లెల్లో సంగటి నమిలేవాడు కనిపిస్తే, "ఏమప్పా, పండ్లు ఉండాయని చూపిస్తాండావా?" అని నవ్వేవాళ్లు.

అలాంటి బొజ్జన్నకు, కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో, ఒక ఉగాది దాటాక ముద్ద దిగడం మానేసింది.

మొదట చూసింది అతని భార్య రామేశ్వరమ్మే. మూడో ముద్దకు ఆగిపోయి, చెంబెడు నీళ్లు తాగి, రొమ్ము మీద పిడికిలితో గుద్దుకున్నాడు.

"ఏమాయ?" అంది.

"ఏమీ ల్యా. అడ్డం పడింది."

"గట్టిగా కెలికినానా?"

"పన్నెండేండ్లుగా నువ్వు కెలికిందే కదా తింటాండా. ఈ పొద్దు కొత్తగా ఏముండాది?"

అని నవ్వేశాడు. కానీ నెల తిరిగేసరికి ముద్ద నిమ్మకాయంత అయింది. ఇంకో నెలకు గోలీ అంత. ఇంట్లో కుక్క మాత్రం బలిసింది. ఎందుకు బలిసిందో రామేశ్వరమ్మకు ఒకరోజు గొడ్ల కొట్టం దగ్గర తెలిసింది. పళ్లెంలో సంగటంతా చాటుగా దానికి పెట్టి, తిన్నట్టు మూతి తుడుచుకుంటూ వస్తున్నాడు మొగుడు. ఆ పూట నుంచి సంగటి మాని అంబలి కాచింది. వానలు మొదలయ్యేసరికి అంబలి కూడా సగం వెనక్కి వచ్చేది. నాగలి ఎత్తి భుజాన వేసుకుని పోయే మనిషి, గడప దాటడానికి గోడ పట్టుకునేవాడు.

రోగం ఒక ఎత్తు. రామేశ్వరమ్మ మీదికి వచ్చిన మాట ఇంకొక ఎత్తు. ఆ మాటకు విత్తనం పన్నెండేళ్ల కిందటే పడింది, అదీ నవ్వులాటలో.

పెళ్లైన కొత్తలో బొజ్జన్న కుదురైన మనిషి కాదు. పేకాట ఆడేవాడు, దొంగసారాయి తాగేవాడు, నందికొట్కూరులో ఒకామె ఇంటికి పోయి రెండేసి రోజులు ఉండిపోయేవాడు. అలాంటివాడు ఉన్నట్టుండి మారిపోయాడు. ఇల్లు, చేను, పెళ్లాం తప్ప ఇంకో లోకం లేదన్నట్టు అయిపోయాడు. అతని అక్క నాగక్క మొగుడు పోయి పుట్టింట్లోనే ఉండేది. పెద్దన్న పెద్ద ఈరన్న, నాగక్క, బొజ్జన్న దంపతులు, అందరిదీ ఒకటే ఇల్లు. తమ్ముడి మార్పు చూసి నాగక్క తిరగలి దగ్గర అమ్మలక్కల ముందు మరదలిని ఆటపట్టించింది.

"ఏం మందు పెట్టినావే మా అబ్బికి? నీ కొంగు వదలడం ల్యా!"

"పెట్టినా వదినా. సంగటిలో కలిపి పెట్టినా. నీకూ కావల్నా రవ్వంత?" అంది రామేశ్వరమ్మ. తిరగలి ఆపి మరీ అందరూ పడీపడీ నవ్వారు.

మందు పెట్టడమంటే ఆ సీమలో చిన్న మాట కాదు. మొగుణ్ణి గుప్పిట్లో ఉంచుకోవడానికి ఆడది అన్నంలో ఏదో కలిపి పెడుతుందని, అది అరగకుండా పేగుకు పట్టుకుని గడ్డలా పెరిగి మనిషిని తినేస్తుందని నమ్మకం. దాన్ని కక్కించడానికి వేరే మనుషులుంటారు. నవ్వులాటకు అన్నది కాబట్టి ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు. రామేశ్వరమ్మకు మాత్రం ఆ నవ్వులో ఒక ముల్లు ఉండేది. ఎందుకంటే అది పూర్తిగా అబద్ధం కాదు. పెళ్లైన రెండో ఏడు వాళ్లమ్మ ఒక కాగితం పొట్లం ఇచ్చింది. దర్గాలో ఊదు కాల్చిన బూడిద. "బేస్తవారం నాడు సంగటిలో కలిపి పెట్టు, దారికొస్తాడు" అంది. పెట్టింది. ఒక్కసారే, చిటికెడు. ఆ తర్వాత ఆరునెలలకు మామ చచ్చిపోయి, చేను మీద పడి, బొజ్జన్న దారికొచ్చాడు. చేను వల్ల మారాడో చిటికెడు బూడిద వల్ల మారాడో ఆమెకే తెలియదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు తమ్ముడు కళ్లముందు ఎండిపోతుంటే నాగక్కకు తిరగలి దగ్గర విన్న మాట గుర్తొచ్చింది.

మైదుకూరు పక్క నుంచి హనుమన్న అనే మందు తీసేవాణ్ణి పిలిపించారు. అమావాస్య నాడు, పరగడుపున, నడింట్లో బొజ్జన్నను కూర్చోబెట్టి ఒక ముంతెడు పచ్చటి పసరు తాగించాడు. దిగినంత దిగింది, తక్కినదంతా రక్తంతో కలిసి తిరిగొచ్చింది. బొజ్జన్న నేల మీద పడి మెలికలు తిరుగుతుంటే, హనుమన్న ఆ కక్కులో వేళ్లు పెట్టి నల్లటి ఉండ ఒకటి తీశాడు. దానికి వెంట్రుక చుట్టి ఉంది.

"ఇది రవ్వే. అసలుది పేగుకు అంటుకొని ఉండాది. నల్లగా, గడ్డ కట్టి ఉండాది" అన్నాడు.

"ఎవరప్పా పెట్టింది?" అడిగాడు పెద్ద ఈరన్న.

"పేరు చెప్పేది మాకు లేదు. తినిపించిన చెయ్యి ఈ ఇంట్లోదే. ఆ చెయ్యి నలుగురిలో ఒప్పుకుంటే మందు దానంతట అదే పట్టు వదులుతాది. ల్యాకుంటే వచ్చే అమావాస్యకు ఇంకా గట్టి పసరు పోయల్ల."

ఆ వెంట్రుక ఎర్రగా ఉంది, మేక వెంట్రుక మాదిరి. తన తలకాయ నిండా నల్లటి జుట్టేనని రామేశ్వరమ్మ అందామనుకుంది. కానీ తల ఎత్తేసరికి ఇంట్లో అన్ని కళ్లూ తన మీదే ఉన్నాయి. రెండు రోజులు కళ్లు తెరవలేని మొగుడివి కూడా, తెరిచాక, అలాగే చూశాయి.

ఆ పొద్దు నుంచి ఆమె పొయ్యి ఆరిపోయింది. బొజ్జన్నకు అంబలి నాగక్క కాచి, నాగక్కే తాగించేది. ఒక మధ్యాహ్నం దాహమని మూలిగితే రామేశ్వరమ్మ చెంబుతో పోయింది. బొజ్జన్న చెంబు వైపు చూశాడు, ఆమె చేతి వైపు చూశాడు.

"అక్కను పిలువు" అన్నాడు.

పన్నెండేళ్లు ఆ చేతి కూడు తప్ప తినని మనిషి.

కొరడాతో కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఊరి మాట సరే. తనలో తనకే ఒక భయం పట్టుకుంది. నిజంగా ఆ చిటికెడు బూడిదేనా? నేనే చంపుతున్నానా?

నందికొట్కూరు ఆసుపత్రిలో కాంపౌండరు ఏసేపు నెమ్మదస్తుడు. నొప్పికి మాత్రలు తెచ్చుకోవడానికి పోయినప్పుడు అతనే చెప్పాడు.

"కర్నూలుకు మదరాసు నుంచి ఒక డాక్టరు వచ్చినాడమ్మా. ఆయన కాడ ఒక గొట్టం ఉండాది. కొనకు బల్బు. నోట్లోనుంచి దించి, అన్నం దిగే దారంతా కంటితో చూస్తాడు. లోపల ఏముండాదో చెప్పేస్తాడు."

"లోపల ఏముండాదో... కంటితోనా?"

"కంటితోనే."

ఆ మాట పట్టుకుని రామేశ్వరమ్మ ఊరికి నడిచింది. సాయంత్రం చేను నుంచి వచ్చిన పెద్ద ఈరన్న కాళ్లు కడుక్కుంటుంటే ఎదురుగా నిలబడింది. బావగారి ముందు తల ఎత్తి మాట్లాడడం అదే మొదటిసారి.

"బావా, అమావాస్యకు ఇంకా పదినాళ్లు ఉండాది. కర్నూలుకు పోదాం. ఆ గొట్టంలో నువ్వే చూడు. మందు ఉంటే నన్ను మా పుట్టింటికి తోలేయి. ల్యాకుంటే నా పొయ్యి నాకియ్యి."

పెద్ద ఈరన్న కోపిష్టి కాడు. చెంబు కింద పెట్టి, "సరే పా" అన్నాడు. నాగక్క మాత్రం లోపలినుంచి అంది, "పెట్టినోళ్లకు ఇంత ధైర్యం ఎట్లొస్తాదో!"

కర్నూలు అప్పుడు గుడారాల ఊరు. కచేరీలు గుడారాల్లో, గుమాస్తాలు గుడారాల్లో. బస్సు దిగిన బొజ్జన్నను పెద్ద ఈరన్న వీపున వేసుకుని, ఆ గుడారాల మధ్య దారి అడుక్కుంటూ డాక్టరు దగ్గరికి తెచ్చాడు. బరువేమీ లేదు, చొప్ప కట్ట ఎత్తుకున్నట్టే ఉంది.

డాక్టరు మనిషి మంచివాడే గానీ మాట పొదుపు. చూస్తానన్నాడు. పక్కన ఇంకొకరు చూడడానికి మాత్రం ఒప్పుకోలేదు.

"ఇది బయస్కోపు కాదమ్మా, వచ్చినవాళ్లంతా చూడడానికి. నేను చూసి చెబుతాను. చాలదా?"

"సామీ, మీరు చెప్తే మావోళ్లు మీరు మంచోరని నమ్ముతారు. నేను చెడ్డదాన్ని కాదని నమ్మరు."

డాక్టరు ఆమె వైపు ఒకసారి చూసి, "ఒక్క క్షణం. ఆయన ఒక్కడే" అన్నాడు.

మరునాటి పొద్దున బొజ్జన్నను బల్ల మీద పడుకోబెట్టారు. భుజాలు బల్ల అంచుకు వచ్చాయి, తల బయటికి వేలాడుతోంది. ఒక మనిషి ఆ తలను రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. గొంతుకు తిమ్మిరి మందు పూశారు. గొట్టం మూరెడు పొడుగు, బొటనవేలంత లావు. నిగనిగలాడే ఇనుము. దాని కొనలో మిరపగింజంత దీపం. అది పళ్లు దాటి, నాలుక దాటి, లోపలికి దిగుతుంటే బొజ్జన్న కాళ్లు బల్లను తన్నాయి. నర్సు పట్టుకుంది. తలుపు దగ్గర నిలబడ్డ రామేశ్వరమ్మ తన గొంతు తానే పట్టుకుంది. అంత పెద్ద గొట్టం దిగింది, తను కాచిన గుక్కెడు అంబలి దిగలేదు.

డాక్టరు ఒక కన్ను మూసి, ఒక కన్ను గొట్టానికి ఆనించి చాలాసేపు చూశాడు. పొడుగాటి పట్టకారు ఒకటి దించి చిన్న ముక్క గిల్లి సీసాలో వేశాడు, వేలూరుకు పంపాలట. తర్వాత పక్కకు జరిగి, "రావయ్యా, బిగ్గరగా ఊపిరి వదలకు" అన్నాడు.

పెద్ద ఈరన్న తలపాగా తీసి, వంగి, కన్ను పెట్టాడు. ఎంతసేపో కాదు, నాలుగైదు గడియల్లా అనిపించింది రామేశ్వరమ్మకు. లేచినప్పుడు అతని మొహంలో నెత్తురు లేదు.

వసారాలోకి వచ్చాక అడిగింది. "ఏం చూసినావు బావా?"

"ఉండాది."

"ఏముండాది?"

"గడ్డ. ఎర్రటి దారి, దాని కొనలో కోడిపుంజు జుట్టు మాదిరి గడ్డ. మీద నల్లటి పెచ్చు. హనుమన్న చెప్పినాడు చూడు, పేగుకు అంటుకొని నల్లగా ఉండాదని. అచ్చం అట్లే. నా కంటితో చూసినా."

ఆమె తెచ్చిన సాక్షి. తను బతిమాలి పెట్టించిన కన్ను.

డాక్టరు చేతులు కడుక్కుంటుంటే ఒంటరిగా పోయి నిలబడింది.

"రాచపుండు అమ్మా, క్యాన్సరు" అన్నాడు ఆమె అడగకముందే. "ఆ నలుపు పాత నెత్తురు, పుండు మీద గడ్డకట్టింది. కోసి తీసే దశ దాటిపోయింది."

"సామీ, ఒకటి అడుగుతా. పన్నెండేండ్ల కింద సంగటిలో రవ్వంత బూడిద కలిపి పెట్టింటే... అది ఆడనే నిలబడి ఇట్లా అయితాదా?"

డాక్టరు తువ్వాలు పట్టుకుని ఆగిపోయాడు. ఎవరు పెట్టారని అడగలేదు.

"బూడిద పన్నెండు రోజులు కూడా నిలవదమ్మా ఒంట్లో. ఇది బయటి నుంచి వచ్చింది కాదు. ఆయన కండే దారి తప్పి పెరిగింది. ఎవరూ పెట్టింది కాదు."

ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. నెలల తర్వాత ఊపిరి ఆడినట్టయింది.

"ఈ మాట మా బావతో చెప్పండి సామీ."

"చెప్పాను. 'గడ్డ ఉండాదా ల్యాదా సామీ' అని అడిగాడు. ఉందన్నాను. దండం పెట్టి వెళ్లిపోయాడు. ఇంకేం చెప్పను?"

అప్పుడే ఇంకో సంగతి చెప్పాడు. అదే గొట్టం దించి, ఆ పుండు మధ్యలోంచి సన్నటి తీగ చుట్టలతో చేసిన చిన్న గొట్టం ఒకటి పెట్టి వదిలేస్తే, అది లోపలే ఉండిపోతుంది. అంబలి, పాలు దిగుతాయి. రోగం పోదు. కానీ ఆకలితో చావడు. నాలుగైదు నెలలు ఉండొచ్చు.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తాగిన ప్రతిసారీ వెనకాలే వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లు పట్టాలి. ముద్ద ఎప్పటికీ పెట్టకూడదు. ఒక్క ముద్ద చాలు, గొట్టం మూసుకుపోవడానికి."

ఆ సంగతి చెబితే పెద్ద ఈరన్న ఒప్పుకోలేదు. "లోపల మందు పెట్టుకొని దాని మీద ఇనుము దిగేస్తారా? ముందు అది కక్కల్ల. అమావాస్యకు హనుమన్న వస్తాడు."

ఆ పసరు ఇంకోసారి పోస్తే మొగుడు ఆ నడింట్లోనే పోతాడని రామేశ్వరమ్మకు తెలుసు. మొదటిదాని రక్తం కడిగింది తనే. వసారా స్తంభం దగ్గర కాసేపు నిలబడింది. ఆ తర్వాత బొజ్జన్న మంచం దగ్గరికి నడిచింది. పెద్ద ఈరన్న అక్కడే ఉన్నాడు. అటుపక్క మంచాల వాళ్లు, వాళ్ల తాలూకు వాళ్లు ఉన్నారు. నలుగురు కావాలన్నాడు కదా హనుమన్న. అంతకన్నా ఎక్కువమందే ఉన్నారు.

"బావా, పెట్టినా" అంది గట్టిగా.

"ఏమి?"

"నేనే పెట్టినా. సంగటిలో కలిపి. బేస్తవారం పొద్దు. నలుగురిలో ఒప్పుకుంటాండా. పట్టు వదిలింటాది. ఇంక పసరు వద్దు. డాక్టరయ్య గొట్టం దించనీ."

పెద్ద ఈరన్న చెయ్యి లేచింది గానీ కొట్టలేదు. ఉమ్మేశాడు, పక్కకు. గొట్టం దించిన బొజ్జన్నకు ఆ పూట గొంతు రాదు. ఆమెను చూసి, మెల్లగా గోడ వైపు తిరిగాడు.

మరునాడు తీగ గొట్టం పెట్టారు. ఆ సాయంత్రం బొజ్జన్న గ్లాసెడు పాలు తాగాడు, ఒక్క చుక్క వెనక్కి రాలేదు.

"చూసినావా, ఒప్పుకుంటానే దిగింది" అన్నాడు పెద్ద ఈరన్న.

ఊళ్లో అదే మాట పాకింది. రామేశ్వరమ్మను పుట్టింటికి తోలేయమని నాగక్క పట్టుబట్టింది. "బతికుండేంత వరకు ఉండనీ వదినా, ఆ తర్వాత నేనే పోతా" అని కాళ్లు పట్టుకుంటే గొడ్ల కొట్టంలో ఉండనిచ్చారు. వంటింటి గడప తొక్కకూడదు, మొగుడికి ఏదీ అందించకూడదు.

సోడా నీళ్ల సంగతి రోజూ కొట్టంలోంచి అరిచి చెప్పేది. "వదినా, తాగినంక నీళ్లు పట్టల్ల! ముద్ద వద్దు వదినా!"

"నువ్వు చెప్తే నేను వినల్నా? నోరు మూసుకో" అనేది నాగక్క. అయినా కొన్నాళ్లు నీళ్లు పట్టేది. బొజ్జన్న బుగ్గలకు రవ్వంత కండ వచ్చింది. అరుగు మీద కూర్చునేవాడు. రెండు నెలలు అలా గడిచాయి. వేలూరు నుంచి జాబు కూడా వచ్చింది. డాక్టరు చెప్పిందే అందులో ఉందని ఏసేపు చదివి చెప్పాడు. విన్నవాళ్లు ఊఁ కొట్టి ఊరుకున్నారు.

కొత్త జొన్నలు ఇంటికొచ్చిన రోజు. పొయ్యి మీద సంగటి వాసన అరుగు దాకా వచ్చింది. బొజ్జన్న అక్క కొంగు పట్టుకున్నాడు.

"అక్కా, ఒక ముద్ద. ఒక్కటే."

"మందు పోయింది కదరా. ఇంకేం భయం" అంది నాగక్క. నెయ్యి వేసి మెత్తగా పిసికి, నిమ్మకాయంత ముద్ద చేసి, తన చేత్తో తమ్ముడి నోట్లో పెట్టింది. బొజ్జన్న నమల్లేదు. ఏనాడు నమిలాడని.

ఆ మధ్యాహ్నం నుంచి నీటి చుక్క దిగలేదు. సోడా నీళ్లు పోశారు, వెనక్కి వచ్చాయి. కర్నూలు తీసుకుపోవడానికి బండి కట్టబోతే, వద్దని చెయ్యి ఊపాడు. నాలుగో రోజు ఇంట్లోవాళ్లు కళ్లం దగ్గరికి పోయినప్పుడు, రామేశ్వరమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. పెదవులు పగిలి ఉన్నాయి. తడి గుడ్డ తీసుకుని ఆగింది. అందించకూడదు కదా.

బొజ్జన్న ఆమె మణికట్టు పట్టుకుని తడి గుడ్డను తనే నోటికి లాక్కున్నాడు.

"బూడిదే కదా" అన్నాడు, గాలి మాదిరి గొంతుతో.

ఆమె మంచం అంచున కూర్చుంది.

"నోట్లో ఇసుక మాదిరి తగిలింది ఆ పొద్దు. నువ్వు నా మొగం చూస్తాంటివి... మింగేస్తి."

"తెలిసీ... మరి నన్నెందుకు దూరం పెడితివి?"

"చావంటే భయం గదే."

ఆ తర్వాత రెండో రోజు పొద్దెక్కాక పోయాడు.

శవం నోట్లో బియ్యం వేసే వరుసలో రామేశ్వరమ్మ గుప్పిట పట్టుకుని వచ్చింది. నాగక్క అడ్డంగా చెయ్యి పెట్టింది. "నువ్వు పెట్టింది చాలు" అంది. ఎవరూ కాదనలేదు. రామేశ్వరమ్మ ఆ చెయ్యి వైపు చూసింది. నాలుక చివరిదాకా మాట వచ్చింది. గుప్పిటలో బియ్యం కొంగున కట్టుకుని వెనక్కి పోయింది.

మూడో రోజు పుట్టింటికి పోవడానికి మూట కట్టుకుంటుంటే, కొట్టం గుంజ దగ్గర నాగక్క వచ్చి నిలబడింది. చేతిలో పళ్లెం, అందులో సంగటి. పళ్లెం కింద పెట్టింది గానీ పోలేదు. కొంగు కొన వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"రామేశ్వరీ."

"ఏమి వదినా?"

"డాక్టరు ముద్ద వద్దన్నాడా... నిజంగానే?"

రామేశ్వరమ్మ మూట ముడి బిగించింది.

"ఆ పొద్దు నేను పెట్టింది... ఆ ముద్ద వల్ల కాదు కదమ్మా?" అంది నాగక్క.

కర్నూలులో, చేతులు కడుక్కుంటున్న డాక్టరును తను అడిగిన ప్రశ్నే అది. ఆ రోజు ఆ జవాబు కోసం తన గుండె ఎలా కొట్టుకుందో రామేశ్వరమ్మకు బాగా గుర్తుంది.

"కాదు వదినా" అంది. "నేను పెట్టిందే."

నాగక్క పెద్దగా ఏడ్చింది. ఏడుస్తూనే ఒక తిట్టు తిట్టింది. తిట్టి, కళ్లు తుడుచుకుని, పళ్లెం ఇటు జరిపింది.

"తిని పో. దూరం నడవల్ల" అంది.

రామేశ్వరమ్మ కూర్చుని తింది. ముద్ద దిగలేదు. ఒక్కొక్కటే నమిలి తింది.